పదకొండో పేజీ

మెట్టగూడ, ఆదిలాబాద్ జిల్లా
12 జూలై 2024

ప్రియమైన శ్యామలా,

పుస్తకాల కట్ట చేరింది. ఉట్నూరు బస్టాండు కార్గో కౌంటర్లో సంతకం పెట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. వాన దంచి కొడుతోంది, అయినా ఒక్క పుస్తకం తడవలేదు. కవరు మీద కవరు, దాని మీద ఇంకో కవరు! వాటిని విప్పేసరికి నా గోళ్లు అరిగిపోయాయి తల్లీ.

అట్ట మీద ‘మా అడవి తిండి’ అన్న పేరు చూడగానే మా బడి పిల్లలు ఒకరి మీద ఒకరు పడ్డారు. నేను మాత్రం లేతుబాయి అవ్వ మొహమే చూస్తూ కూచున్నాను. ఈ పన్నెండు ఆకుకూరలు, గడ్డల సంగతి మనకు చెప్పింది ఆమే కదా. ఆమెకు చదువు రాదు. మూడో తరగతి మనవరాలు ప్రతి పేజీ కింద వేలు పెట్టి ‘చెప్పినవారు: ఆత్రం లేతుబాయి, మెట్టగూడ’ అని పన్నెండు సార్లు చదివింది. పన్నెండోసారి కూడా ఆమె మొదటిసారి విన్నట్టే విన్నది.

చివరి పేజీలో నువ్వు రాసిన అనుమతి మాటలు కూడా చదివి వినిపించాను. ‘ఈ పుస్తకాన్ని ఎవరైనా తీసుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, వేరే భాషలోకి మార్చుకోవచ్చు, తమ ఊరికి తగ్గట్టు దిద్దుకోవచ్చు. ఎవరినీ అడగనక్కర్లేదు. ఒక్కటే షరతు: చెప్పినవారి పేరు, చేసినవారి పేరు ఉంచాలి.’ అవ్వ, “గడ్డ తవ్వినంక తీగె మొదలు మల్ల మట్టిల పెడ్తం గదా, ఇంకొకల్లకు దొరకాలని. గట్లనేనా?” అంది. గట్లనే అవ్వా అన్నాను. మనం నెల రోజులు కొట్టుకుని రాసిన అర పేజీ ఆమెకు ఒక్క ముక్కలో అయిపోయింది.

నా నోట్‌బుక్ నీ దగ్గరే ఉంది, జర భద్రం. ఆమె చెబుతుంటే రాసుకున్నది అదొక్కటే, రెండో కాపీ లేదు. ఫోన్ చేయలేదని తిట్టకు. ఇక్కడ సిగ్నల్ కావాలంటే గుట్టెక్కాలి, గుట్టెక్కాక ఆయాసంతో మాట రాదు. డీఎడ్ హాస్టల్లో చీటీలు రాసుకున్నట్టే రాసుకుందాం.

నీ
మమత


కరీంనగర్
25 ఆగస్టు 2024

మమతక్కా,

నువ్వు గుట్టల్లో కూచున్నావు గానీ మన పుస్తకం ఊళ్లు పట్టుకుని తిరుగుతోంది! ఫైలు నెట్‌లో పెట్టి రెండు నెలలు కాలేదు, ఎక్కడెక్కడికి పోయిందో మనకే తెల్వదు. నిర్మల్ దగ్గర ఒక బడి గోడ మీద బొమ్మలు వేసే ఆయన మన పేజీలు మూడింటిని రంగుల్లో దించేశారట. ఫోటో పంపారు. చేదుగడ్డ తీగె నిలువెత్తున ఉంది, కింద లేతుబాయి అవ్వ పేరు జానెడు అక్షరాల్లో ఉంది. బొగ్గుబావుల కాలనీలో పని చేసే నిరంజన్ సార్ అని ఒకాయన, మన పేజీలతో తన పిల్లలకు వర్క్‌షీట్లు చేసుకుంటానన్నారు. అడగనక్కర్లేదు కదా సార్ అంటే, “అడుగుడు మంచిదమ్మా” అన్నారు. పెన్‌గంగ అవతల కిన్వట్‌లో వందన అనే టీచరు, ఆమె కూడా లేతుబాయి అవ్వలాగే కొలాం తెగ మనిషే, మరాఠీలోకి మారుస్తోంది.

మూడేళ్లుగా ఈ డీటీపీ షాపులో పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు కొడుతున్నాను. ఊళ్లో అందరి పేర్లూ నా చేతి మీదుగానే అచ్చయ్యాయి, నాది తప్ప. ‘పేజీల కూర్పు: శ్యామల’ అని బాపుకు చూపించాను. నలభై ఏళ్లు మగ్గం మీద, సాంచాల మీద బట్ట నేసిన మనిషి. “ఒక్క గజం మీద గూడ నా పేరు లేదు బిడ్డా, నీకన్న పడ్డది” అని పుస్తకాన్ని దేవుడి పటం పక్కన పెట్టుకున్నాడు.

పదహారు పేజీల్లో పట్టించడానికి నేను పడ్డ తిప్పలు నీకేం తెలుసు! నాలుగు కాగితాలు మధ్యలో మడిచి పిన్ను కొడితే పుస్తకం. పదిహేడో పేజీ వచ్చిందంటే ఐదో కాగితం కావాలి. అప్పుడు ఏ బడివాళ్లూ జిరాక్స్ తీయించరు. నా తెలివిని మెచ్చుకుని ఒక ఉత్తరం రాయి.

డీఎస్సీ రాశాను. ఈసారి వస్తుందని లోపల ఏదో చెబుతోంది. వస్తే నేనూ నీలాగే టీచర్ని, అప్పుడు నీ పెత్తనం సాగదు.

నీ
శ్యామల


మెట్టగూడ
21 అక్టోబర్ 2024

శ్యామలా,

ఫోన్‌లో నాలుగు ముక్కలే చెప్పగలిగాను, మధ్యలో తెగిపోయింది. మొత్తం రాస్తున్నాను, కూర్చుని చదువు.

నిరంజన్ సార్ మన పదకొండో పేజీని, చేదుగడ్డది, ఉన్నది ఉన్నట్టు తన వర్క్‌షీట్‌లో పెట్టుకుని, కింద ‘ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి వండి చూడండి’ అని ఒక వాక్యం చేర్చారు. వాళ్ల ఐదో తరగతిలో నవ్యశ్రీ అనే పిల్ల. వాళ్ల నాయనమ్మ సత్తమ్మ బొమ్మ చూసి పక్క గుట్టల్లో గడ్డ తవ్వుకొచ్చింది. పేజీలో ఏముందో అట్లాగే చేశారు. ‘పొట్టు తీసి, సన్నగా తరిగి, బాగా కడిగి, ఉడికించి తింటారు.’ నాయనమ్మకు పళ్లు లేక రెండు ముక్కలే తిన్నది. పిల్ల గిన్నెడు తిన్నది. గంటలో వాంతులు, ఆ తర్వాత కళ్లు తేలేసి కాళ్లూ చేతులూ కొట్టుకోవడం. నిన్న కరీంనగర్ పెద్ద దవాఖానకు తెచ్చారు. ఇంకా తెలివి రాలేదట.

ఇక్కడ మా పిల్లల్ని అడిగాను. ఒకటో తరగతి వాడు కూడా చెప్పాడు. చేదుగడ్డను తరిగి, గంపలో వేసి, పారే వాగులో రెండు రాత్రులు పెట్టాలి. అప్పుడే విషం దిగుతుంది. లేకుంటే మనిషి పడిపోతాడు. ఆ మాట మన పేజీలో లేదు. ఎందుకు లేదు? లేతుబాయి అవ్వ చెప్పలేదా, నేను రాసుకోలేదా? ఆమె ఆ గడ్డ సంగతి చెప్పిన రోజు నేను జ్వరం మీద ఉన్నాను, తల పగిలిపోతుంటే రాసుకున్నాను, ఏం రాశానో ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. నువ్వు ప్రూఫ్ పంపినప్పుడు కూడా అక్షరాల తప్పులే చూశాను.

నా నోట్‌బుక్ తీసి చేదుగడ్డ దగ్గర ఏముందో అక్షరం అక్షరం రాసి పంపు. ఫోన్ చేయకు. ఫోన్‌లో నువ్వు ఏడుస్తావు, నేను జాలి పడతాను, అసలు సంగతి పక్కకు పోతుంది. దవాఖానకు పోయి ఆ పిల్లను చూసిరా.

మమత


కరీంనగర్
24 అక్టోబర్ 2024

మమతక్కా,

పోయి చూశాను. నవ్యశ్రీకి నిన్న సాయంత్రం తెలివి వచ్చింది. నీళ్లు తాగింది, వాళ్లమ్మను గుర్తు పట్టింది. ఇంకా నిలబడలేకపోతోంది, ఇంకో నాలుగు రోజులు ఉంచుతామన్నారు. బతికిందక్కా. ముందు ఆ సంగతే రాస్తున్నాను.

వాళ్లమ్మ చేతిలో వర్క్‌షీట్ మడతలు పడి ఉంది. వచ్చిన ప్రతి ఒక్కరికీ తెరిచి చూపిస్తోంది. “ఎవలో లేతుబాయంట, గామె చెప్పిందంట సూడుండ్రి, గామె పిల్లలకైతె గిట్లనే పెడ్తదా?” అంటోంది. నేను ఎవరినో చెప్పలేదు. నిరంజన్ సార్ బంధువునని అబద్ధం ఆడాను. ఆ సారు వరండాలో ఒక మూల నిలబడి ఉన్నారు, ఎవరూ ఆయనతో మాట్లాడటం లేదు. “నేను ఒక్క ముక్క మార్చలేదమ్మా, ఉన్నదే పెట్టిన” అని నాతో మూడుసార్లు అన్నారు.

ఫైలు నెట్‌లో నుంచి తీసేశాను. కానీ తీసుకున్నవాళ్ల దగ్గర ఉన్నదాన్ని ఏం చేయగలం? ఎవరినీ అడగనక్కర్లేదని మనమే రాశాం. ఎవరు తీసుకున్నారో మన దగ్గర లెక్క లేదు. ఇది గడ్డలు తవ్వే కాలం. నాకు అన్నం దిగడం లేదు.

నోట్‌బుక్ కోసం ఇల్లంతా వెతికాను. షాపులోనూ వెతికాను. దొరకలేదు. పాత కాగితాలతో పాటు పోయిందేమో. నాకేమనిపిస్తోందంటే, వాళ్లకు అది పుట్టినప్పటి నుంచీ తెలిసిన సంగతి కదా. బియ్యం కడగాలని మనం ఎవరికైనా చెబుతామా? అట్లా లేతుబాయి అవ్వకు చెప్పాలనే తోచి ఉండదు. ఆమె తప్పు కూడా కాదు అది.

శ్యామల


మెట్టగూడ
4 నవంబర్ 2024

శ్యామలా,

నవ్యశ్రీ ఇంటికి పోయిందని నిరంజన్ సార్ చెప్పారు. గుట్ట మీదే కూలబడి ఏడ్చాను.

వందన మరాఠీ పుస్తకం పంపింది. పదకొండో పేజీ తీసి చూశాను. ‘పారే వాగులో రెండు రాత్రులు’ అని ఉంది! గుట్టెక్కి ఫోన్ చేసి, నీకెట్లా తెలిసిందని అడిగాను. “మీ తెలుగులో లేకపోతే నేనే చేర్చాను. మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు కదా. దిద్దుకోవచ్చని మీరే రాశారు” అంది. చూశావా, ఆ అనుమతి వల్లే అక్కడ పిల్లలు క్షేమంగా ఉన్నారు, ఇక్కడ ఒక పిల్ల చావు దాకా పోయింది.

దాంతో నువ్వు చెప్పిందే నిజమనిపించింది. అందరికీ తెలిసిందే కాబట్టి అవ్వ చెప్పలేదు. నాకు మెమో వచ్చింది, విచారణకు ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. బడిలో అందరి ముందూ అవ్వను పిలిపించి అడిగారు. “చెప్పిన” అంది. మళ్లీ అడిగితే మళ్లీ అదే మాట. “చెప్పిన. మేడం రాసుకున్నది.” నా వంక చూసింది. నోట్‌బుక్ లేదు, నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ‘చెప్పిన వ్యక్తి ఈ దశను చెప్పడం మరచి ఉండవచ్చు’ అని రాసి సంతకం పెట్టాను శ్యామలా. రాసింది ఆమెకు చదివి వినిపించారు కూడా. ఆమె లేచి ఇంటికి పోయింది.

ఆ మర్నాటి నుంచి మనవరాలు బడికి రావడం లేదు. పేపర్లో జిల్లా పేజీలో మన పేజీ ఫోటో వేశారు, అవ్వ పేరుతో సహా. సోమవారం అంగడిలో ఆమె ఆకుకూరల గంప ముందు ఒక్కరూ ఆగలేదు. తెచ్చింది తెచ్చినట్టే వాపసు మోసుకుపోయింది. అరవై ఏళ్లుగా ఆ అంగడిలో అమ్ముతున్న మనిషి. నిర్మల్ గోడ మీద ఆమె పేరుకు ఎవరో బొగ్గు పూశారట. ఉంచాలి, ఉంచాలి అని మనం షరతు పెట్టిన పేరే అది. తప్పు ఎంత దూరం పోయిందో ఆ పేరూ అంత దూరం పోయింది.

ఇంకోసారి వెతుకు. నీ కాళ్లు పట్టుకుంటాను.

మమత


కరీంనగర్
9 నవంబర్ 2024

అక్కా,

నోట్‌బుక్ దొరకలేదు.

సవరణ చీటీ తయారు చేశాను, దీనితో పంపుతున్నాను. పుస్తకంలో పదకొండో పేజీ మీద అతికించుకునే కొలతలో ఉంది. వాట్సాప్ గ్రూపులన్నిటికీ పెట్టాను, తెలిసిన ప్రతి బడికీ ఫోన్ చేస్తున్నాను. ఇంకో ఆలోచన కూడా వచ్చింది. కొత్త ప్రతిలో అవ్వ పేరు తీసేద్దాం. పేరు లేకపోతే ఎవరూ ఆమెను ఏమీ అనరు. అంగడిలో కూడా జనం మరిచిపోతారు. ఆమెకు అదే మంచిది.

డీఎస్సీలో నాకు వచ్చింది. చెప్పడానికి సందర్భం కాదు గానీ, దాచినట్టు ఉండకూడదని రాస్తున్నాను.

శ్యామల


మెట్టగూడ
13 నవంబర్ 2024

శ్యామలకు,

ఉద్యోగం వచ్చినందుకు సంతోషం.

పేరు తీసేద్దామన్న మాట చెప్పడానికి అవ్వ ఇంటికి పోయాను. గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడింది. ఎప్పుడూ చాప వేసే మనిషి. “నా పేరు తీస్తె నేను తప్పు చెప్పిననని నేనే ఒప్పుకున్నట్టు గాదా? మిగిల్న పదకొండు ఎవలు చెప్పిండ్రు మరి? గాలి చెప్పిందా?” అంది. నేను తల దించుకుని వెనక్కి తిరిగాను. నాలుగడుగులు వేశాక వెనక నుంచి పిలిచింది.

“ఓ మేడం. నువ్వు గంప బొమ్మ గీసినవ్. మూతి వంకర గీసినవ్. గంపనా, గాడిద చెవా అని నేను నవ్విన. యాదికున్నదా?”

గుర్తొచ్చింది. జ్వరంలో పోయిందంతా ఆ ఒక్క మాటతో వచ్చేసింది. వాగు అని రెండు గీతలు గీశాను. వాటి మధ్య గంప. వంకర మూతి. ఆమె నవ్వు. రెండు రాత్రులు అని చెప్పడానికి ఆమె పైకెత్తిన రెండు వేళ్లు. ఆమె చెప్పింది శ్యామలా. నేను రాశాను.

మరి రాసింది ఎక్కడికి పోయింది? ఆ నోట్‌బుక్ నీ చేతికిచ్చాక ఇంకెవరి చేతికీ పోలేదు. ఇల్లంతా వెతికానన్నావు. నీ ఇల్లు రెండు గదులు.

ఒక్కటే అడుగుతున్నాను. గంప బొమ్మ ఉందా, లేదా?

మమత


కరీంనగర్
16 నవంబర్ 2024

అక్కా,

ఉంది.

నోట్‌బుక్ ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. ముప్పై నాలుగో పుట. ‘పారే వాగులో రెండు రాత్రులు. లేకుంటే విషం. ఇది తప్పక రాయాలె అని రెండుసార్లు చెప్పింది’ అని నీ చేతిరాతలోనే ఉంది. వంకర గంప కూడా ఉంది.

తీసేసింది నేను. చేదుగడ్డకు నువ్వు ఒకటిన్నర పేజీ రాశావు. నాకు చివర్లో అనుమతి మాటలకు చోటు కావాలి. పదిహేడో పేజీ పోకూడదు. అన్ని పేజీల్లోనూ అక్కడక్కడా వాక్యాలు తీసుకుంటూ వచ్చాను. ఇక్కడికొచ్చేసరికి ‘బాగా కడిగి’ అని ముందే ఉంది కదా, వాగులో పెట్టడమూ కడగడమే కదా అనుకున్నాను. నల్లా నీళ్లలో కూరగాయలు కడుక్కునే దాన్ని, అంతకంటే నాకు తోచలేదు. నిన్ను అడగాలని కూడా అనుకోలేదు. ప్రూఫ్‌తో పాటు తీసేసిన వాక్యాల జాబితా పెట్టాల్సింది. పెట్టలేదు.

నీ ఫోన్ తెగిపోయిన నిమిషంలోనే నోట్‌బుక్ తీసి చూశాను. అప్పుడే తెలిసింది. దాన్ని బియ్యం డబ్బాలో అడుగున పెట్టాను. డీఎస్సీ సర్టిఫికెట్లు చూసే రోజులవి. ఒక పిల్ల ప్రాణం మీదికి తెచ్చిందని తెలిస్తే టీచరు ఉద్యోగం ఎవరిస్తారు? మూడేళ్లు పెళ్లికార్డులు కొట్టానక్కా. అందుకని ఆ ‘బియ్యం కడగాలని చెబుతామా’ అన్న మాట నీకు నేనే అందించాను. నువ్వు దాన్ని నమ్మావు. నువ్వు నమ్మడం చూసి నాకు ఊపిరాడింది. ఇంతకన్నా సిగ్గుమాలిన మాట నా గురించి నేను రాయలేను.

నీ ఉత్తరం వచ్చిన రోజు బాపును ఊరికే అడిగినట్టు అడిగాను. “బాపూ, నేత ఎట్ల నేస్తరో ఎవరన్న రాసుకుంటుంటే, పోగుకు గంజి పెట్టుడు నువ్వు చెప్తవా? అందరికీ తెలిసిందే గదా.” ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. “గంజి లేకుంటె పోగు నిలుస్తదా బిడ్డా? ముందుగాల అదే చెప్త. అది చెప్పనోడు నేతగాడే కాదు” అన్నాడు. ఒక పని తెలిసిన మనిషి అసలు దాన్ని మరిచిపోవడం ఉండదని ఆ మాటతో నాకు తెలిసింది. అప్పుడు బియ్యం డబ్బా మూత తీశాను.

పోస్టింగ్ ఆర్డర్ వచ్చింది. ఇదే సంగతి అధికారులకు కూడా రాసి ఇస్తున్నాను. నవ్యశ్రీ వాళ్లింటికి నిన్న పోయి చెప్పాను. వాళ్లమ్మ తలుపు వేసింది. సత్తమ్మ మాత్రం బయటికొచ్చి, “గిప్పుడు చెప్పుడెందుకు బిడ్డా?” అంది.

శ్యామల


మెట్టగూడ
20 నవంబర్ 2024

శ్యామల గారికి,

నోట్‌బుక్ చేరింది.

తప్పు చేసినందుకు నాకు కోపం లేదు. ఆ తప్పులో నాకూ వాటా ఉంది, ప్రూఫ్ చూసిన కళ్లు నావే. నా కోపం ఇరవై ఆరు రోజుల మీద. ఆ ఇరవై ఆరు రోజులూ ఒక ముసలామె తన నోటి మాటకు సాక్ష్యం లేక తలెత్తుకోలేకపోయింది. సాక్ష్యం నీ బియ్యం డబ్బాలో ఉంది. నువ్వు రోజూ అందులో నుంచే బియ్యం తీసి అన్నం వండుకున్నావు! అన్నం దిగడం లేదని నాకు రాశావు కూడా.

నాతో నువ్వు ఆమెను అబద్ధాలకోరును చేయించావు. నా సంతకంతో చేయించావు.

అవ్వ దగ్గరికి నోట్‌బుక్ తీసుకుపోయాను. గంప బొమ్మ మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచింది. నవ్వలేదు. “రాసినామె నువ్వు. తీసినామె ఎవలు?” అంది. చెప్పాను. “రమ్మను” అంది. అంతే.

ఇరవై తొమ్మిదిన ఆదిలాబాద్‌లో నా పాత స్టేట్‌మెంట్ వాపసు తీసుకుని కొత్తది ఇవ్వాలి. ఇరవై ఎనిమిది నుంచి నేను గూడెంలో ఉండను. రెండో తారీఖు పొద్దున వస్తాను. ఆ రోజుల్లోనే రా. నన్ను అడ్డం పెట్టుకోవడానికి వీల్లేదు. బడి తాళం చెవి అవ్వ దగ్గరే ఉంటుంది.

మమతారాణి


మెట్టగూడ
1 డిసెంబర్ 2024, సాయంత్రం

అక్కా,

నీ బడిలో నీ కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. రేపు నువ్వొచ్చేసరికి నేను బస్సులో ఉంటాను. ఉండమంటే ఉండేదాన్ని, నువ్వు అనలేదు.

ఇరవై ఎనిమిది పొద్దున అవ్వ గుమ్మంలో నిలబడి, క్షమించమని నేర్చుకొచ్చిన మాటలన్నీ మొదలుపెట్టాను. చెయ్యి అడ్డం పెట్టింది. “ఏడుపు తర్వాత. కొత్త కాయితం తెచ్చినవా? సదువు.” కొత్త పదకొండో పేజీ చదివాను. వాగు ఉంది, రెండు రాత్రులు ఉన్నాయి. “ఇగ గా కాయితంల ఏమున్నదో గదే చెయ్యి. నన్ను అడుగకు. కరీంనగర్‌ల అడుగనీకె నేనుంటనా?” అని గడ్డపలుగు చేతికిచ్చింది. గడ్డ చూపించింది, అంతే. తవ్వింది, తీగె మొదలు మళ్లీ పాతింది, పొట్టు తీసింది, తరిగింది నేనే. చేతులు దురద పెట్టి బొబ్బలెక్కాయి. ఆ సంగతి కూడా కాగితంలో లేదు! గంపను వాగులో పెట్టి వచ్చాను. ఆమె ఒడ్డున కూర్చుని చూసింది.

తెల్లారి పోయి చూస్తే గంప లేదు. వాగులో కొట్టుకుపోయింది. నేను నోరు తెరుచుకుని నిలబడితే ఆమె మొదటిసారి నవ్వింది. “గంపల బండ పెట్టాలె. కాయితంల లేదు గదా, నేనెందుకు చెప్త?” అంది. కోపం రాలేదక్కా. చేర్చాను. బండ పెట్టాలి, చేతులకు నూనె రాసుకోవాలి. పశువులు నీళ్లు తాగే చోటికి ఎగువన పెట్టకూడదు. అది వందన ఫోన్‌లో చెప్పింది, ఆమె పేరూ చేర్చాను. మళ్లీ తవ్వాను, మళ్లీ తరిగాను. రెండు రాత్రులు గంప దగ్గర కాపలా ఉన్నాను.

ఈ మధ్యాహ్నం కడిగి, ఉడికించి, ఆ నీళ్లు పారబోశాను. ఆకులో పెట్టేసరికి గూడెంలో ఆడవాళ్లు పదిమంది దాకా వచ్చి దూరంగా కూర్చున్నారు. వండినవాళ్లే ముందు తినాలట. తిని ఒక పూట ఆగాలి. ఆ తర్వాతే పిల్లలకు. ఆ ఆచారం అవ్వ నిన్ననే చెప్పింది. నేను ముక్క తీసుకుని నోటి దగ్గర పెట్టుకున్నాను. నిజం చెబుతున్నాను, నవ్యశ్రీ కళ్లు గుర్తొచ్చాయి. అవ్వ నా మణికట్టు పట్టుకుని ఆపింది.

“వండింది నువ్వు. చెప్పింది నేను. ముందు నేనే తినాలె.”

నా చేతిలో ముక్క తీసుకుని, అందరూ చూస్తుండగా నోట్లో వేసుకుని, నిదానంగా నమిలి మింగింది. ఇంకో రెండు తిన్నది. అప్పుడు ఏడ్చాను. ఆపలేదు ఆమె.

పొద్దు తాటి చెట్ల కిందికి దిగేదాకా అట్లాగే కూర్చున్నాం. ఆమెకేమీ కాలేదు. ఆడవాళ్లలో ఒకామె లేచి వచ్చి పక్కన కూర్చుంది, తర్వాత ఇంకొకామె. అవ్వ, “గా కాయితం కింద ఏమున్నదో సదువు” అంది. చదివాను. ‘చెప్పినవారు: ఆత్రం లేతుబాయి, మెట్టగూడ. ఆమె చెప్పిన అసలు మాటను మొదటి ప్రతిలో తీసేసి తప్పు చేసినవారు: శ్యామల, కరీంనగర్.’

“గిది గూడ పోతదా అన్ని ఊర్లకు?”

“పోతది అవ్వా. ఎవరు తీసుకున్నా రెండు పేర్లూ పెట్టాలె. అది షరతు.”

“నిర్మల్ గోడ మీదికి?”

“రంగులాయనతో మాట్లాడిన. బొగ్గు తుడిచి రాస్తడు.”

అవ్వ ఆకులో నుంచి ఒక ముక్క తీసి నా చేతిలో పెట్టి, “అయితే తిను” అంది.

తిన్నాను. ఉద్యోగం సంగతి ఇంకా ఏమీ తేలలేదు. మనవరాలు రేపు బడికి వస్తుందట, పలక కడుగుతోంది.

నీ వాటా ఆకులో చుట్టి కిటికీ పక్కన పెట్టాను. ముందు మేమిద్దరం తిన్నాం, నీకు భయం లేదు.

శ్యామల